ట్యాపు ఎందుకు కారాలి?

2021 ఫిబ్రవరిలో డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. వీడియో కాల్‌లో అక్కావాళ్ల వంటింటి ట్యాపు సన్నగా కారుతోంది. "నీళ్లు వృథా కదక్కా?" అన్నాను. "కట్టేస్తే పైపు పగులుతుందిరా" అంది.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని ఇంటర్‌లో చదివాం కదా! కానీ పైపు తరచుగా పగిలేది గడ్డ ఉన్నచోట కాదు. గడ్డ బిరడాలా అడ్డుపడితే, దానికీ మూసిన ట్యాపుకీ మధ్య ఇరుక్కున్న నీటిలో ఒత్తిడి పెరిగి, బలహీనమైన చోట చీలుతుంది. ట్యాపు కారుతుంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. సింకు కింది తలుపులు తెరిచి ఉంచితే గది వేడి పైపుకి తగులుతుంది.

అక్క పక్కింట్లో పైపు పగిలింది. మెయిన్ వాల్వ్ వెతికేలోపే హాలంతా నీళ్లు. ఎమ్మెస్‌కి వెళ్లే సీనియర్లూ, ఇంట్లో దిగగానే ముందు ఆ వాల్వ్ ఎక్కడుందో చూసుకోండి!