సుడుల లెక్క

ఉగాది సంచికకి ఏదైనా రాయమని కమిటీవారు ఫోన్ చేశారు. "నాకు కవిత్వం రాదండీ, సుడుల లెక్కలు తప్ప" అన్నాను. "అదే రాయండి" అన్నారు. కనుక ఈ తప్పులో వారికీ భాగముంది!

రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో, వరద గోదావరి వంతెన స్తంభాల వెనక సుడులు తిరుగుతుంటే గంటలకొద్దీ చూసేవాణ్ణి. ఒక్కో సుడీ పుట్టి, చీలి, చిన్న చిన్న సుడులై కలిసిపోయేది. దీన్నే మేము టర్బులెన్స్ అంటాం. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్ళు పారించి, మధ్యలో సన్నని రంగుధార వదిలాడు. నెమ్మదిగా పారినంతసేపూ అది దారంలా నిలిచింది. వేగం ఒక హద్దు దాటగానే చెదిరి నీళ్ళంతా అలుముకుంది.

ఈ ప్రవాహానికి సమీకరణాలు 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. చిక్కల్లా ప్రతి చిన్న సుడినీ కంప్యూటర్‌తో లెక్కకట్టడంలోనే. వేగం రెట్టింపయితే పని సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పూర్తి విమానానికి నేటి సూపర్ కంప్యూటర్లు కూడా చాలవు.

అందుకని రెండు దారులున్నాయి. మొదటిది 1895లో రేనాల్డ్స్ చూపిన సగటు పద్ధతి. ఇంటిఖర్చు నెలకింత అని రాసుకున్నట్టన్నమాట. చవకే గాని, పండగ వారంలో ఎంతయిందో చెప్పదు. రెండోది పెద్ద సుడులను లెక్కకట్టి, చిన్నవాటికి అంచనాతో సరిపెట్టుకోవడం. 1963లో జోసెఫ్ స్మగోరిన్‌స్కీ వాతావరణ లెక్కల కోసం దీనికి పునాది వేశాడు. అయితే గోడ పక్కన పెద్ద సుడులు కూడా అతి చిన్నవే కనుక ఖర్చు మళ్ళీ కొండెక్కుతుంది.

1997లో ఫిలిప్ స్పాలార్ట్, ఆయన సహచరులు ఈ రెండిటికీ పొత్తు కుదిర్చారు. వంతెన స్తంభాన్నే తీసుకోండి. రాతిని రాసుకుపోయే నీటికి సగటు, వెనక తిరిగే నీటికి సుడుల లెక్క. ఎక్కడ ఏది వాడాలో గోడ దూరాన్నీ, మనం గీసిన గళ్ళ సైజునీ పోల్చి ప్రోగ్రామే తేల్చుకుంటుంది.

నేను దెబ్బతిన్నది అక్కడే. ఒకసారి విమానం రెక్క మీది గాలిని లెక్కకడుతూ, ఫలితం మెరుగవుతుందని గళ్ళను చిన్నవి చేశాను. రంగురంగుల బొమ్మ ఎంతో అందంగా వచ్చింది. మీటింగులో గర్వంగా చూపించాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి విండ్ టన్నెల్ కొలతలు పక్కన పెట్టి, "ఇక్కడ గాలి ఇంకా రెక్కని అంటుకునే ఉందే, మీ బొమ్మలో ముందే వదిలేసిందేం?" అని అడిగింది. కంప్యూటర్‌నే వెనకేసుకొచ్చాను. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

జరిగిందేమిటంటే, గళ్ళు చిన్నవి కాగానే ప్రోగ్రాం గోడ దగ్గరే సగటు పద్ధతిని సడలించేసింది. సుడులు పట్టుబడేంత సన్నని గళ్ళు మాత్రం కావవి. ఒకరు బరువు దించేశారు, రెండోవారు ఇంకా ఎత్తుకోలేదు! 2006లో స్పాలార్ట్ బృందం గోడ దగ్గరి పొరను కాపాడే సవరణ తెచ్చాక ఈ ప్రమాదం చాలావరకు తగ్గింది. అయినా ఒక పద్ధతి ఇంకోదానికి పని అప్పగించేచోట జాగ్రత్త నేటికీ తప్పదు.

హైస్కూల్లో చదివే మా అమ్మాయి, "నాన్నా, కంప్యూటర్ పెద్దదయితే జవాబు సరయినట్టేగా?" అంది. "కాదమ్మా, కొలతతో పోల్చి చూసుకున్నాకే" అన్నాను. ఆ మాట నాకు నేర్పింది మాత్రం ఆ కొత్తమ్మాయే.

ఈసారి వర్షాకాలంలో మన ఊళ్ళవైపు వెళితే, పిల్లల్ని గోదావరి వంతెన మీదికి తీసుకెళ్ళి ఆ సుడులు చూపించండి. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.