నోరు మూయాలంటే... ముక్కు తెరుచుకోవాలి

నోటితో ఊపిరి పీల్చడం పళ్లకూ, నిద్రకూ, ఎదిగే పిల్లల ముఖానికీ చేటు. కానీ తప్పు నోటిది కాదు!

పిల్లాడు నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ‘పాపం, ఆడి ఆడి అలిసిపోయాడు’ అనుకుంటూ దుప్పటి కప్పేస్తాం. ఇంటాయన గురక పెడితే ‘అబ్బో, మంచి నిద్రలో ఉన్నారు’ అని నవ్వుకుంటాం. రోజూ ఇదే తంతయితే అది అలసటా కాదు, గాఢనిద్రా కాదు. ముక్కు దారిలో ఎక్కడో అడ్డు పడి ఉండొచ్చు.

ముక్కు ఏం చేస్తుంది?

మనం రోజుకు సుమారు 20 వేల సార్లు ఊపిరి తీస్తాం. ముక్కులో ఒక్కోవైపు మూడేసి ఎముక మడతలుంటాయి. గాలి వాటి మధ్య మెలికలు తిరుగుతూ పోయే ఆ క్షణంలోనే వెచ్చబడుతుంది, తడి పట్టుకుంటుంది. దుమ్మూ పుప్పొడీ జిగురుకు అంటుకుంటే, కంటికి కనిపించని నూగు ఆ జిగురును గొంతువైపు నెట్టేస్తుంది. రెండు రంధ్రాలూ ఒకేలా పనిచేయవు. కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటాయి. జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లో వివరించిన ఈ సంగతి, ఏ రంధ్రంలో గాలి ఆడుతోందో గమనించే మన స్వరయోగానికీ తెలిసిందే.

నోటిలో ఈ ఏర్పాట్లు లేవు. పొడిగాలి నేరుగా గొంతుకు తగులుతుంది, లాలాజలం ఆరిపోతుంది. పళ్లకు రక్షణ ఆ లాలాజలమే కాబట్టి పుప్పిపళ్లు, చిగుళ్ల వాపు, నోటి దుర్వాసన వచ్చే ముప్పుంది. పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోతోందంటే రాత్రంతా నోటితోనే పీల్చి ఉండొచ్చు.

భ్రామరిలో ఉన్న మర్మం

సైనస్ అనగానే మనకు తలనొప్పే గుర్తొస్తుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన జాన్ లుండ్‌బర్గ్ బృందం ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే ఆ గాలి గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ దండిగా తయారవుతోందని 1995లో తేల్చింది. ఈ వాయువు రక్తనాళాలను సడలిస్తుంది. దాని గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ దక్కింది. ముక్కుతో పీల్చినప్పుడు అది కొంత ఊపిరితిత్తుల దాకా వెళ్లి, ఆక్సిజన్ రక్తంలో కలిసేందుకు సాయపడుతుంది. నోటితో పీల్చే గాలికి ఆ సాయం దాదాపు అందదు.

పెదాలు మూసి తుమ్మెదలా ఝుంకారం చేస్తే ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ 15 రెట్లు పెరుగుతుందని లుండ్‌బర్గ్, ఎడ్డీ వైట్జ్‌బర్గ్ 2002లో చూపించారు. భ్రామరి ప్రాణాయామంలో మనం చేసేది అదే. అలాగని దిబ్బడేసిన ముక్కుకు భ్రామరి ఒక్కటే మందు కాదు.

పిల్లల ముఖమే మారొచ్చు

నోరు మూసుకుని ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని పైదవడ విశాలంగా ఎదిగేందుకు ఊతమిస్తుంది. నోరు తెరిచే ఉంటే నాలుక కిందికి జారుతుంది. అంగిలి ఇరుకై, పళ్లు ఎగుడుదిగుడుగా వచ్చి, ముఖం కోలగా సాగే అవకాశం ఉంది. అమెరికాలో ఎగిల్ హార్వోల్డ్ బృందం పిల్ల కోతుల ముక్కుల్ని మూసి గమనించినప్పుడు వాటి దవడలు, పళ్ల వరస మారిపోయాయి. పిల్లల్లో ఎక్కువగా అడ్డుపడేవి ముక్కు వెనక పెరిగే అడినాయిడ్స్, అలర్జీ. పెద్దల్లోనైతే అలర్జీతో పాటు ముక్కు దూలం వంకర, ముక్కులో కండ పెరగడం.

టేపు వద్దు, డాక్టరు ముద్దు

రాత్రిళ్లు పెదాలకు టేపు అంటించుకోమని సలహాలిచ్చే వీడియోలకు ఇప్పుడు కొదవలేదు. ముక్కు మూసుకుపోయినవారికి, గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి అది ప్రమాదం. పిల్లలకైతే అసలే వద్దు. నోరు మూసి, ఒక్కో రంధ్రాన్నీ వేలితో అదిమి రెండోదాంతో పీల్చి చూడండి. ఎప్పుడు చూసినా ఒకే వైపు గాలి ఆడకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. దిబ్బడ తగ్గించే చుక్కల మందును వారాల తరబడి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. ఉప్పునీటి చుక్కలతో ఆ బెడద లేదు. పరుగెత్తేటప్పుడు, బరువులెత్తేటప్పుడు నోరు తెరుచుకోవడం సహజమే, కంగారు పడక్కర్లేదు.

‘నోరు మూసుకుని పడుకో’ అని పిల్లాణ్ని గదమాయిస్తే లాభం లేదు. ముందు అడ్డు తొలగాలి. ఆ తర్వాతా నోరు తెరిచే అలవాటు పోకపోతే అప్పుడు మాన్పించే ప్రయత్నం చేయొచ్చు.