దిగులు క్యాన్సర్‌ను పాకిస్తుందా?

హైదరాబాద్‌లో అల్వాల్ అయినా అమీర్‌పేట అయినా, ఇంటి ఆడమనిషికి రొమ్ము క్యాన్సర్ అని తెలియగానే చుట్టాల నోట వచ్చే మాట ఒకటుంది: "అన్నీ మనసులో పెట్టుకుని కుమిలిపోయింది, అందుకే వచ్చింది." జబ్బుతో పాటు నేరం కూడా ఆమె నెత్తినే పడుతుంది. ఇది అన్యాయం. దిగులు వల్లే ఈ జబ్బు పుడుతుందని ఏ పరిశోధనా తేల్చలేదు. తేలుతున్నది వేరు: ఒంట్లో గడ్డ ఉన్నప్పుడు ఒత్తిడి హార్మోన్లు అది పాకడానికి తోడ్పడగలవు.

2010లో అమెరికాలో శాస్త్రవేత్త ఎరికా స్లోన్ బృందం రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలను ఒత్తిడికి గురిచేయడానికి రోజూ కదలడానికి వీల్లేని ఇరుకులో ఉంచి చూసింది. అసలు గడ్డ సైజులో పెద్ద తేడా రాలేదు. ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పాకడం మాత్రం 30 రెట్లు పెరిగింది. బీపీకి, గుండెదడకు దశాబ్దాలుగా వాడుతున్న, ఒత్తిడి హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునే చవకైన మాత్ర ప్రొప్రనొలాల్ ఇస్తే ఆ పెరుగుదల ఆగింది. 2020లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఇదే మందును 60 మంది మహిళలతో జరిపిన పరీక్షలో ఆపరేషన్‌కు ముందు వారం పాటు వాడి చూశారు. మందు తీసుకున్నవారి గడ్డల్లో పాకే గుణానికి సంబంధించిన గుర్తులు తగ్గాయి. ప్రాణాలు నిలుస్తాయా అన్నది తేలాలంటే ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి.

కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ది మరో దారి. క్యాన్సర్ ముదిరేకొద్దీ ఎలుకల్లో ఈ జాతి హార్మోన్లు పెరుగుతాయనీ, అప్పటికే దూరంగా పాకిన కణాలను అవి రెచ్చగొడతాయనీ 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో రాశారు. ఆ కణాల్లో ఆర్‌ఓఆర్1 అనే ప్రొటీన్ పెరుగుతుంది. దాన్ని తొలగిస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి.

పాక్లిటాక్సెల్ అనే కీమో మందుకు ముందు అలర్జీ రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ కూడా కార్టిసాల్ జాతిదే. ఆ మాత్ర వేసుకున్న రాత్రి నిద్ర పట్టదని కీమోకి వెళ్ళేవాళ్ళు చాలామంది చెబుతారు. ముదిరిన రోగులకు ఈ మందు ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరమని బాసెల్ బృందం డాక్టర్లను కోరింది. అలాగని రోగి తనంతట తాను మాత్ర మానేయకూడదు. అలర్జీ వస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఈ సంగతి మనకు దూరపుది కాదు. 2012–16 క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోకెల్లా హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువ: లక్ష మంది మహిళలకు 48. అల్వాల్ నుంచి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేకి వెళ్ళాలంటే తిరుమలగిరి, సికింద్రాబాద్ దాటి రెడ్‌హిల్స్ చేరాలి. చేతిలో ఫైలు, ఆరోగ్యశ్రీ కాగితాలు, ఇంట్లో వదిలొచ్చిన పిల్లలు, సెలవు దొరకని భర్త. ఈ ఒత్తిడిలో సగం తీర్చగలిగినదే. తర్వాతి కీమో ఎప్పుడో స్పష్టంగా చెప్పడం, కాగితాల పని ఒకే కిటికీలో ముగించడం, నిద్ర పట్టడం లేదంటే కొట్టిపారేయకుండా వినడం కూడా చికిత్సే.

2022 ఏప్రిల్‌లో అల్వాల్‌లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అందులో కీమో డే కేర్‌తో పాటు క్యాన్సర్ రోగుల కోసం ఒక కౌన్సెలర్‌నూ నియమించాలని మేడ్చల్, శామీర్‌పేట వైపు మహిళలు ఇప్పటి నుంచే అడగాలి.