శశిరేఖకు కన్ను దిద్దిందెవరు?

ఆదివారం పొద్దున్నే తొమ్మిదిమంది ఒక ఇంట్లో చేరి, తలుపులు బార్లా తీసి, నేలనిండా పాత పేపర్లు పరిచి కూర్చున్నారంటే ఏం చేస్తున్నట్టు? పేకాటా? కాదు. పెళ్ళిచూపులా? అదీ కాదు. మార్నింగ్ షో మానుకుని మరీ బొమ్మలేస్తున్నారు! అందులో ఎనిమిదిమందికి బొమ్మలెయ్యడం రాదు. తొమ్మిదోవాడికి, అంటే ఈ వ్యాసం రాస్తున్నవాడికి, అసలే రాదు.

"మరెందుకయ్యా ఈ గోల?" అంటారు మీరు. చెప్తాను.

ఈమధ్య హైదరాబాదు, బెంగుళూరుల్లో కేఫులవాళ్ళు టికెట్టు పెట్టి పెయింటింగ్ పార్టీలు జరుపుతున్నారు. ఒకరు ముందు నిలబడి చూపిస్తారు. మిగతావాళ్ళంతా అదే సూర్యాస్తమయం, అదే కొబ్బరిచెట్టు వేసుకుని ఫోటో దిగి ఇంటికి పోతారు. తప్పేం లేదు. కానీ సినిమా పిచ్చోళ్ళం మనం, కొబ్బరిచెట్టుతో మనకేం పని? మనకి కావలసింది మొహం. హాలు ముందు ఆకాశమంత ఎత్తున నిలబడి రోడ్డునపోయేవాణ్ణి లోపలికి పిలిచే మొహం. ఇవాళ అది ఫ్లెక్సు మీద అచ్చయి వస్తోంది. ఒకప్పుడు మనుషులు చేత్తో వేసేవారు. ఆ పని మనమూ ఒక్కరోజు చేసి చూస్తే?

విజయవాడలో నేను అద్దెకుంటున్న మేడమీద వాటాలో ఈ ఆలోచన మొలకెత్తింది. స్టూడియో నడుపుకునే మిత్రుడు స్టిల్ ప్రింటు వేసిస్తానన్నాడు. బ్యాంకులో పనిచేసే మిత్రుడు సతీసమేతంగా వస్తానన్నాడు. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటేసుకొస్తానంది. మిగిలింది ఇద్దరు పాత క్లాస్‌మేట్లు. ఇద్దరూ ఇద్దరు వేరువేరు హీరోలకు వీరాభిమానులు. ఎవరి బొమ్మ వెయ్యాలనే దగ్గరే కొట్టుకునే ప్రమాదముంది. అందుకని ఇద్దరికీ దణ్ణం పెట్టాల్సిన మొహమే ఎంచాం. 1957 నాటి "మాయాబజార్"లో సావిత్రి. అదీ ఉత్త శశిరేఖ కాదండోయ్, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు! ఒక కనుబొమ ఎగరేసి, పెదవి మూలన నవ్వు దాచుకుని, ఒంటిమీద ఆడపిల్ల నగలు పెట్టుకుని లోపల ఎస్.వి. రంగారావులా చూసే ఆ చూపు. ఆ ఎగిరిన కనుబొమే మా కొంప ముంచబోతోందని అప్పుడు తెలీదు.

గళ్ళలో ఉంది కిటుకు

రాని బొమ్మ వెయ్యడం ఎలాగంటే, మొహాన్ని మొహంలా చూడకుండా ఉండటమే! స్టిల్‌ని ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల ఎత్తు ప్రింటు వేయించాం. దాన్ని రెండంగుళాల గళ్ళుగా కోస్తే అడ్డం మూడు, నిలువు నాలుగు, వెరసి పన్నెండు ముక్కలు. ఒక్కో ముక్కకి ఒక్కో అడుగు చదరం ప్లైవుడ్ చెక్క. ముక్కని మళ్ళీ అరంగుళం గళ్ళు, చెక్కని మూడంగుళాల గళ్ళు చేస్తే రెంటిలోనూ పదహారేసి. ఇక్కడ ఈ గీత ఏ గడిలోంచి ఏ గడిలోకి పోతోందో చూసుకుని అక్కడ అలాగే గీయడమే. ఒకరు చెంప ముక్క, ఒకరు జడ, ఒకరు ఖాళీ గోడ. చివర్న అన్నీ చేరిస్తే నాలుగడుగుల సావిత్రి.

ఈ సంగతి చెప్తుంటే, కింద వాటాలోంచి గచ్చు పాడుచేస్తామేమోనని కాపలాకొచ్చిన ఇంటావిడ మామ్మగారు ఫక్కున నవ్వారు. "ఇదేం విద్యర్రా! చుక్కలు పెట్టి ముగ్గెయ్యడమేగా!" అన్నారు. నిజమే! ధనుర్మాసంలో మన అమ్మమ్మలంతా చేసేది అదే.

సామాను గురించి నాలుగు ముక్కలు. చెక్కలకి ముందురోజే తెల్ల ప్రైమర్ రెండు కోటింగులు వేసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలి. వడ్రంగి లెక్క తప్పి పదమూడు చెక్కలు కోశాడు. అదీ కలిపే రుద్దాం. పోస్టరు కలర్లు చవకే కానీ, ఒకసారి వేసినదాని మీద మళ్ళీ వేస్తే కింది రంగు కరిగి బురదవుతుంది. ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడుతుంది, వాసన వేరే. అక్రిలిక్ రంగులు గంటలోపే ఆరతాయి, ఆరితే ఇక నీళ్ళకి చావవు. బట్టల మీద పడినా అంతే, అందుకని పాత చొక్కాల్లో రండని ముందే చెప్పాలి. తెలుపు పెద్ద ట్యూబు కొనండి, అదే ముందు అయిపోతుంది. ఫ్యాను కింద ప్లేటులో రంగు గట్టిపడుతుంటే నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. బ్రష్షుని నీళ్ళల్లో నిలబెట్టి మరిచిపోతే కుచ్చు వంగిపోయి పనికిరాదు. తిండి పన్నెండున్నర తర్వాతే. బజ్జీల చేత్తో ప్రైమర్ ముట్టుకుంటే ఆ నూనె వేలిముద్ర మీద రంగు పట్టదు. టీ గాజు గ్లాసుల్లో, బ్రష్షుల నీళ్ళు రేకు డబ్బాల్లో పెట్టండి. మేం రెండూ స్టీలు గ్లాసుల్లోనే పెట్టాం. ఫలితంగా ఒక వీరాభిమాని నీలం టీ తాగాడు.

చెక్క వెనక నంబరుతోపాటు పైకి బాణం గుర్తు కూడా వెయ్యాలి. ఇది మా బ్యాంకు మిత్రుడి పుణ్యమా అని తెలిసింది. తన స్టిల్ ముక్కనీ చెక్కనీ రెంటినీ తలకిందులుగా పెట్టుకుని రెండు గంటలు వేశాడు. కొండలు, వాగు అనుకుంటున్నాట్ట. తీరా తిప్పి చూస్తే మెడలో హారం, అదీ అందరికన్నా బాగా కుదిరింది!

"నేను చూడ్డానికే వచ్చాను"

ఇక ఆ రోజు మా ఇంటికొచ్చిన పెద్దమనిషి గురించి. పేరు రాయొద్దన్నారు కనుక రాయను. గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు కిటకిటలాడిన రోజుల్లో ముప్ఫై ఏళ్ళు బ్యానర్లు వేసిన ఆర్టిస్టు. నేను పిలవడానికెళ్తే "బ్రష్షు పట్టి చాలా ఏళ్ళయింది బాబూ, చెయ్యి వణుకుతోంది. నా వల్ల కాదు" అన్నారు. వెయ్యనక్కర్లేదు, వచ్చి కూర్చోండి చాలన్నాను. పదకొండింటికి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. "నేను చూడ్డానికే వచ్చాను" అని గుమ్మంలోనే ప్రకటించి కుర్చీలో కూర్చున్నారు.

చూశారు. ఓ పావుగంట గమ్మున చూశారు. తర్వాత మా మేనకోడలి ప్లేటులోంచి నల్లరంగు ట్యూబు తీసి జేబులో వేసుకున్నారు!

"నీడకి నలుపు వేస్తే దూరానికి చిల్లు పడినట్టుంటుందమ్మా. నీలం వెయ్యి, ఇటికరంగు కలుపు. రోడ్డుకి ఆ పక్కనుంచి చూసేవాడికి అదే నీడ" అన్నారు.

పాత బ్యానర్లలో హీరోల చెంపలకి నీలం, ఆకుపచ్చ, గులాబీ ఎందుకుండేవో ఇన్నాళ్ళకి తెలిసింది. నేను పిచ్చిరంగులనుకునేవాణ్ణి! పైగా వాళ్ళ చేతికొచ్చే స్టిల్స్ చాలావరకూ నలుపు తెలుపులే. చీర రంగేమిటో, పెదవి రంగేమిటో ఆర్టిస్టే ఊహించాలి. "మాయాబజార్"కి రంగులద్ది విడుదల చేసింది 2010లో. కానీ హాళ్ళ ముందు మన బ్యానరు ఆర్టిస్టులు అలాంటి సినిమాలకి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే రంగులేసేశారన్నమాట.

ఒక బ్యానరు వెనక ఒక దండు ఉండేదట. కర్రచట్రానికి గుడ్డ బిగించి జిగురు, తెల్లపొడి పూసేవాడొకడు. గళ్ళు గీసేవాడొకడు. ఆకాశాలు, చీరలు నింపేది శిష్యులు. అక్షరాలు రాసేవాడు వేరే. మొహం మాత్రం మేస్త్రీదే, అందులోనూ కళ్ళు ఆఖర్న. ఎమ్.ఎఫ్. హుస్సేన్ అంతటి చిత్రకారుడు కూడా కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నవాడే. ఆ తర్వాత తనే సినిమాలు తీశాడు, 2004లో మన హైదరాబాదు పిల్ల టబుతో "మీనాక్షి" కూడా. మన దగ్గర ఈశ్వర్‌గారున్నారు. 1967లో బాపు మొదటి సినిమా "సాక్షి"తోనే ఆయనా పోస్టర్లు మొదలుపెట్టి వేల చిత్రాలకు డిజైన్లు చేశారు, "సినిమా పోస్టర్" అని పుస్తకమే రాశారు. పోస్టరు కాగితం మీద అచ్చవుతుంది కనుక నాలుగు కాపీలైనా మిగిలాయి. మరి బ్యానర్లో?

"మీరు వేసినవి ఒకటైనా దాచుకున్నారా?" అని అడిగింది మా మేనకోడలు.

"ఎలా దాచనమ్మా? గుడ్డ ఖరీదు కదా! సినిమా తీసేయగానే బ్యానరు మా షెడ్డుకే వచ్చేది. దానిమీదే తెల్లరంగు కొట్టి కొత్త సినిమా వేసేవాళ్ళం. నేను వేసిన మొహాలన్నీ నా చేత్తోనే చెరిపాను."

ఆయన మామూలుగానే అన్నారు. మాకే కాసేపు నోట మాట రాలేదు. ఫ్లెక్సు వచ్చాక ఆ చెరిపే పని కూడా పోయింది. రాత్రి ఆర్డరిస్తే తెల్లారేసరికి కడుతున్నారు. పదిరోజుల కూలి ఎవరిస్తారు? ఆయన కొన్నాళ్ళు స్కూటర్లకి నంబరు ప్లేట్లు రాశారు, తర్వాత స్టిక్కర్లొచ్చాయి. అదీ పోయింది.

అయిదో గడి

మూడయ్యేసరికి పదకొండు గళ్ళు పూర్తయ్యాయి. జడలో పూల గడి మామ్మగారిది. కాపలా మాని ఎప్పుడు నేలమీద కూర్చున్నారో ఎవరం చూడలేదు. అరవయ్యేళ్ళుగా ముగ్గులేసిన చెయ్యి, ఒక్క గీత వంకర పోలేదు! "ఈ సినిమా బందర్లో మా నాన్న భుజం మీద కూర్చుని చూశాను" అన్నారు.

మిగిలింది అయిదో గడి. ఎడంకన్ను, దాని మీంచి లేచి రెండో గడిలోకి ఎగిరిన ఆ కనుబొమ. రెండో గడి ఒక వీరాభిమాని చెక్క. కనుబొమ కొసని వాడు తన అభిమాన హీరో మీసంలా దట్టంగా దిద్ది కూర్చున్నాడు. కిందిసగం వెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటున్నాం. నేనైతే కావాలనే ఆర్టిస్టుగారి వైపు చూడలేదు. వణికే చేతికి బ్రష్షిచ్చి పదిమంది ముందు పరీక్ష పెట్టడం మర్యాద కాదు కదా!

ఆయనే లేచారు. ముందు కిటికీ దగ్గరికెళ్ళి చెయ్యి చాపి చూసుకున్నారు. వణుకుతోంది. "అమ్మా, ఆ కర్ర ఓసారిస్తారా?" అని మామ్మగారి చేతికర్ర అడిగారు. దాని కొసకి చేతిరుమాలు చుట్టి, చెక్క అంచుకి ఆనించి, ఎడంచేత్తో పట్టుకుని, ఆ కర్ర మీద కుడి మణికట్టు మోపారు. అంతే! వణుకు కర్రలోకి దిగిపోయిందా అన్నట్టు ఆగిపోయింది.

ముందు కనుబొమ. పైగడి మీసాన్ని చెరపలేదు. కిందనుంచే సన్నగా మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ లావుచేసి దాంతో కలిపేశారు. తర్వాత రెప్ప, నల్లగుడ్డు. నల్లగుడ్డు కూడా నలుపు కాదు, ఇటికరంగులో నీలం! ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. చివర్న సన్నబ్రష్షు కొసన తెలుపు ముంచి, ఊపిరి బిగబట్టి, గుడ్డు మీద ఒక్క చుక్క పెట్టారు.

శశిరేఖ మావైపు చూసింది.

మా మేనకోడలు వేసిన నాలుగో గడిలోని కుడికన్నుకీ అలాంటి చుక్క పెట్టమని అంతా అడిగాం. ఆయన ఒప్పుకోలేదు. "అది పాపది, పాపే పెట్టాలి" అని బ్రష్షు తనకే ఇచ్చారు. తను పెట్టిన చుక్క కాస్త పక్కకి పోయింది. చిత్రమేమిటంటే ఆ పక్కచూపు వల్లే ఘటోత్కచుడి అల్లరి ఇంకాస్త పెరిగింది!

చెక్కలన్నీ డాబా మీద పిట్టగోడకి వరసగా ఆనించి కట్టాం. చెంపలు రెండు రెండు రంగులు, ఒక పెదవి గులాబీ, ఒక పెదవి జేగురు. దగ్గరగా చూస్తే బొంతలా ఉంది. నాకు కొంచెం దిగులేసింది కూడా. "ఇక్కణ్ణుంచి కాదు, కిందికి పదండి" అని ఆర్టిస్టుగారు అందర్నీ మెట్లు దింపి, రోడ్డు దాటించి, ఎదుటి కిళ్ళీకొట్టు దగ్గర నిలబెట్టారు. తలెత్తి చూస్తే బొంత లేదు, సావిత్రి ఉంది! అటుగా పోతున్న ఆటో కుర్రాడొకడు బండి స్లో చేసి, "ఏ సినిమా అన్నా? ఎప్పుడు రిలీజు?" అని అడిగాడు. మేమంతా నవ్వుతుంటే ఆర్టిస్టుగారు మాత్రం సీరియస్‌గా "ఈ శుక్రవారమే" అన్నారు.

ఆ సాయంత్రం ఎవరి గడి వాళ్ళు తీసుకెళ్ళారు. మామ్మగారి పూలు కింద వాటా హాల్లో వేలాడుతున్నాయి. అయిదో గడి నాకిచ్చారు, నా బల్లముందే ఉంది. ఆర్టిస్టుగారు ఏమీ వద్దన్నారు. మెట్లు దిగబోతూ ఆగి, "ఆ పదమూడో చెక్క ఖాళీగానే ఉందిగా?" అన్నారు. దాన్ని పేపర్లో చుట్టి చంకన పెట్టుకున్నారు. జేబులో నల్లరంగు ట్యూబు మాత్రం తీసి నా చేతిలో పెట్టి, మిగిలిన తెలుపూ, ఇటికరంగూ అడిగి పట్టుకెళ్ళారు.