చెత్త బండికి ఇచ్చేస్తే మన బాధ్యత తీరిపోయిందా?



కొన్ని నెలల క్రితం ఒక ఉదయం మన ఆసుపత్రి క్యాజువాలిటీకి ఒక సోదరి కుడి అరచేయి గుడ్డతో చుట్టుకొని వచ్చింది. ఊరి చివర కొత్త లేఅవుట్లలో ఇంటింటికీ తిరిగే ప్రైవేటు చెత్త బండి మీద ఆమె పని చేస్తుంది. ఒక కవరు ముడి విప్పి ప్లాస్టిక్ సీసాలు వేరు చేస్తుండగా లోపల ఉన్న ఇన్సులిన్ సూది చేతిలో దిగింది. ఆ సూది ఏ ఇంటిదో, దాన్ని వాడినవారికి ఏ జబ్బు ఉన్నదో ఎవరికీ తెలియదు.

ఆమెకు రక్త పరీక్షలు చేశాము. హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాము. హెచ్.ఐ.వి. రాకుండా 28 రోజులు మందులు వాడవలసి వచ్చింది. ఆ మందులకు వాంతులు, నీరసం. పనికి వెళ్ళకపోతే కూలి లేదు. ఇంట్లో ఏమని చెప్పాలో తెలియక ఆమె పడిన బాధ మందుల బాధకంటే ఎక్కువ. తర్వాతి పరీక్షలలో ఏ జబ్బూ లేదని తేలింది. దేవునికి స్తోత్రము.

కాని మా మనస్సులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ సూది మన ఆసుపత్రి మందుల షాపులో కొన్నదే కావచ్చు. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో మేము రోగులకు నేర్పుతున్నాము. వాడిన సూదిని ఎక్కడ వేయాలో అందరికీ చెప్పామా? చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఇంటి ముందుకు బండి ఎలా వచ్చింది?

మన చిన్నతనంలో వీధి చివర సిమెంటు కుండీ ఉండేది. అందరూ అందులో పోసేవారు. పందులు, కుక్కలు సగం బయటకు లాగేవి. నగరాలలో చెత్త సంగతిపై 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆమె సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత, 2000లో కేంద్ర ప్రభుత్వం పట్టణాల చెత్తకు నియమాలు తెచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాలలో సూర్యాపేట మునిసిపాలిటీ వీధి కుండీలు తీసివేసి, ఇంటింటి నుండి తడి చెత్త, పొడి చెత్త విడిగా తీసుకొని, తడి చెత్తతో వానపాముల ఎరువు చేసి చూపించింది. చిన్న పట్టణం కూడా ఈ పని చేయగలదని అప్పుడు అందరికీ తెలిసింది.

హైదరాబాదులో 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లాప్ కార్యక్రమం మొదలై, పట్టణాలలో ఇళ్ళ నుండి రుసుము వసూలు చేశారు. ప్రజలు చెత్త పన్ను అని పిలిచిన ఆ రుసుమును 2024లో వచ్చిన ప్రభుత్వం రద్దు చేసింది.

అయినా మునిసిపాలిటీ బండి అన్ని చోట్లకూ రాదు. ఊరి చివర లేఅవుట్లలో, పెద్ద అపార్ట్‌మెంట్లలో, ఫంక్షన్ హాళ్ళలో సంఘంవారు నెలకు ఇంత అని మాట్లాడుకొని ప్రైవేటు బండిని పెట్టుకుంటున్నారు. ఇందులో తప్పు లేదు. అయితే డబ్బు కట్టి కవరు అందించగానే మన పని అయిపోయిందనుకోవడం తప్పు.

బండిని మాట్లాడుకునే ముందు అడగవలసినవి

1. చెత్త ఎక్కడికి వెళ్తుంది? ఇది మొదటి ప్రశ్న. మునిసిపాలిటీ యార్డుకా, ఎరువు కేంద్రానికా, పాత సామాను గోడౌనుకా? జవాబు తడబడితే అనుమానించండి. కొందరు తెల్లవారుజామున కాలువ గట్టున, చెరువులో, ఖాళీ స్థలంలో పోసి వెళ్ళిపోతారు. ఆ నీరే మళ్ళీ మన బోరుబావిలోకి వస్తుంది. అపార్ట్‌మెంటు సంఘం నుండి ఇద్దరు ఒక రోజు స్కూటరు మీద బండి వెనుక వెళ్ళి చూసి రావడం మంచిది.

2. మునిసిపాలిటీ లేక పంచాయతీ అనుమతి ఉన్నదా? కాగితం చూపించమని అడగండి.

3. బండిలో అరలు వేరుగా ఉన్నాయా? మనం విడదీసి ఇచ్చిన దాన్ని అంతా ఒకే తొట్టిలో కుమ్మరిస్తే మన శ్రమ వృథా.

4. తడి చెత్తకు రోజూ వస్తారా? మన ఎండలకు తడి చెత్త ఒక్క రోజుకే కుళ్ళి వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి. పొడి చెత్త వారానికి ఒకటి రెండుసార్లు తీసుకున్నా చాలు.

5. పనివారికి చేతి తొడుగులు, బూట్లు ఇస్తున్నారా? టీకాలు వేయించారా? ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. దయచేసి మీరు అడగండి.

6. రశీదు ఇస్తారా? నెల రుసుము, వచ్చే సమయం, రాని రోజుకు ఏమి చేస్తారు అన్నవి ఒక కాగితం మీద వ్రాసుకుంటే తర్వాత మాట పట్టింపులు ఉండవు.

ఇంట్లో నాలుగు భాగాలు

2016 నాటి నియమాలు చెత్తను మూడు రకాలుగా విడదీయమన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చిన కొత్త నియమాలు నాలుగు రకాలు అంటున్నాయి. ఖరీదైన డబ్బాలు కొనవలసిన అవసరం లేదు. రెండు పాత బకెట్లు, ఒక గోనె సంచి, మూత ఉన్న ఒక డబ్బా చాలు.

తడి చెత్త: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, గుడ్డు పెంకులు, చేపల పొట్టు, వాడిన పూలు. మన ఇళ్ళలో వచ్చే చెత్తలో పెద్ద భాగం ఇదే. దీన్ని ప్లాస్టిక్ కవరులో కట్టి ఇవ్వకండి. బకెట్టు అడుగున పాత పేపరు వేసి, నీళ్ళు వంపేసి నేరుగా బండిలో వేయండి. పెరడు ఉన్నవారు గుంటలో తడి చెత్త ఒక పొర, ఎండుటాకులు ఒక పొర వేస్తూ పోతే రెండు మూడు నెలలలో మంచి ఎరువు అవుతుంది.

పొడి చెత్త: కాగితం, అట్టపెట్టెలు, సీసాలు, డబ్బాలు, పాల ప్యాకెట్లు. పాల ప్యాకెట్టు మంచి ప్లాస్టిక్. కడిగి ఆరవేస్తే అమ్ముడుపోతుంది, కడగకపోతే రెండో రోజుకే పురుగు పడుతుంది. ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించి పారవేయకండి, ఆ చిన్న ముక్కలను ఎవరూ ఏరలేరు. కూర అంటిన కాగితం, నూనె పీల్చిన అట్ట మళ్ళీ కాగితంగా మారవు. చిప్స్ ప్యాకెట్ల వంటి మెరిసే కవర్లలో ప్లాస్టిక్, లోహపు పొర కలిసిపోయి ఉంటాయి కనుక పాత సామాను కొనేవారు తీసుకోరు. ఇటువంటివి తక్కువగా కొనడమే మార్గం.

శానిటరీ చెత్త: పిల్లల డైపర్లు, ఆడవారి ప్యాడ్లు, మంచం పట్టిన రోగులకు వాడిన ప్యాడ్లు, పుండుకు కట్టిన కట్లు. వీటిని పేపరులో గట్టిగా చుట్టి, పైన ఎర్రటి గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. ఎర్ర గుర్తు చూస్తే పనివారు విప్పరు. టాయిలెట్‌లో వేస్తే పైపులు పూడిపోతాయి.

ప్రత్యేక జాగ్రత్త కావలసినవి: సూదులు, గడువు తీరిన మందులు, బ్యాటరీలు, బల్బులు, పురుగుమందు డబ్బాలు, పాత థర్మామీటర్లు. ట్యూబులైట్లలోను, పాత రకం థర్మామీటర్లలోను పాదరసం ఉంటుంది. అవి పగిలితే కిటికీలు తెరవండి. చీపురుతో ఊడ్చకండి. గట్టి అట్టముక్కతో ఎత్తి, మూత ఉన్న సీసాలో వేయండి. చేతితో తాకకండి.

సూదులు వాడే ఇళ్ళకు మా మనవి

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోయినప్పుడే చాలామందికి సొంత వేలికి గుచ్చుకుంటుంది. అందుకే వాడిన వెంటనే, మూత పెట్టకుండా, దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. హార్లిక్స్ వంటి మందమైన డబ్బా గాని, ఫినాయిలు సీసా గాని సరిపోతుంది. పలుచటి నీళ్ళ సీసా పనికిరాదు. సూది దాన్ని చీల్చుకొని బయటకు వస్తుంది. షుగరు పరీక్షకు వ్రేలు గుచ్చే లాన్సెట్లు కూడా ఇందులోనే వేయాలి. డబ్బా మీద “సూదులు” అని వ్రాసి పిల్లలకు అందకుండా ఉంచండి. మూడు వంతులు నిండగానే మూత బిగించి టేపు చుట్టండి.

ఆ డబ్బాను చెత్త బండికి ఇవ్వకండి. మన ఆసుపత్రి మందుల షాపు కౌంటరులో ఇవ్వండి. ఆసుపత్రి సూదులతోపాటు వాటినీ పంపించే ఏర్పాటు చేశాము. డబ్బు తీసుకోరు, పేరు అడగరు. గడువు తీరిన మందులు కూడా అక్కడే ఇవ్వవచ్చు. యాంటీబయాటిక్ మాత్రలను కాలువలో పారబోయకండి. ఆ నీటిలోని క్రిములు మందుకు లొంగని రకాలుగా మారే ప్రమాదం ఉంది.

హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో ఏడు రోజుల వరకు బ్రతికి ఉండగలదు. “నిన్నటి సూదే కదా, ఎండిపోయింది” అనుకోకండి.

ఎవరికైనా సూది గుచ్చుకుంటే

వెంటనే సబ్బుతో, పారుతున్న నీటితో కడగాలి. పిండకూడదు, నోటితో పీల్చకూడదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులు రెండు గంటలలో మొదలైతే చాలా మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. సిగ్గుపడి గాని, కూలి పోతుందని గాని దాచుకోవద్దని మీ ఇంటికి వచ్చే పనివారికి ఈ మాట చెప్పండి.

కాల్చితే పోదా?

చాలామంది బండి రాని రోజున చెత్తకు నిప్పు పెడతారు. చెత్త కనబడకుండా పోతుంది గాని విషం పోదు. ప్లాస్టిక్ పొగ ఉబ్బసం ఉన్న పిల్లలను, ముసలివారిని ముందుగా పట్టుకుంటుంది. కొన్ని ప్లాస్టిక్‌లు కాలినప్పుడు డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, వాటిలో క్యాన్సరు కలిగించేవి ఉన్నాయి. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది.

పెరటిలో పడవేసినా ప్రమాదమే. కొబ్బరి చిప్ప, పాత టైరు, విరిగిన కప్పులో నిలిచిన కొద్దిపాటి నీరు డెంగ్యూ దోమకు చాలు. గుడ్డు పెట్టిన వారం పది రోజులలో దోమ ఎగురుతుంది. నీరు ఎండినా గుడ్లు నెలల తరబడి బ్రతికి ఉండి, తిరిగి వాన పడగానే పొదుగుతాయి. అందుకే వారానికి ఒకసారి, ఆరాధన ముగించుకొని ఇంటికి వెళ్ళిన తర్వాత పది నిమిషాలు పెరడంతా చూసి నీరు వంపేయండి.

సంఘంలో కూడా

క్రిస్మస్ ప్రేమ విందులు, పెళ్ళిళ్ళు, కన్వెన్షన్ కూటముల తర్వాత మందిరపు గోడ వెనుక పేరుకునే ప్లేట్ల గుట్ట మనకందరికీ తెలిసినదే. వంద మందికి మించి కూడే కార్యక్రమానికి మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేసి, చెత్తను వేరుచేసే ఏర్పాటు చూసుకోవాలని 2016 నియమాలలోనే చెప్పారు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు 2022 జూలై 1 నుండి నిషేధం. అరటి ఆకు, విస్తరాకు మనకు క్రొత్త కాదు. స్త్రీల సమాజంవారు స్టీలు గ్లాసులు కొని సంఘానికి ఇస్తే పదేళ్ళు పనికివస్తాయి. యవనస్థులు విందు దగ్గర రెండు డ్రమ్ములు పెట్టి నిలబడితే సగం పని అక్కడే అయిపోతుంది.

అయిదు వేలమందికి ఆహారం పెట్టిన తర్వాత మన ప్రభువు మిగిలిన ముక్కలను వ్యర్థం కానీయకుండా ఏరి కూర్చమని శిష్యులకు చెప్పినట్టు యోహాను సువార్త 6వ అధ్యాయంలో చదువుతాము. పాళెము వెలుపల మలమును మట్టితో కప్పివేయాలని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉంది. శుభ్రత కూడా మన విశ్వాస జీవితంలో భాగమే.

చివరిగా ఒక మాట

పూణేలో చెత్త ఏరుకొని బ్రతికే స్త్రీలే సహకార సంఘంగా ఏర్పడి, 2008 నుండి నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటి చెత్త తీసుకుంటున్నారు. ఇళ్ళవారు ఇచ్చే రుసుము వారికే చేరుతుంది. పని అదే, కాని దానికి గుర్తింపు ఉంది.

మన ఇంటి ముందుకు వచ్చే సోదరి పేరు మనలో ఎందరికి తెలుసు? రేపు ఉదయం బండి వచ్చినప్పుడు ఆమెను పేరు అడగండి. ఎండాకాలంలో ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె చేతికి అందించే కవరులో ఏమి ఉన్నదో ఒకసారి చూసుకొని ఇవ్వండి. ఆ రోజు క్యాజువాలిటీకి వచ్చిన సోదరి ఇప్పుడు మళ్ళీ పనికి వెళ్తోంది. ఏ వీధిలో బండి ఎక్కుతున్నదో మాకు తెలియదు. అది మీ వీధే కావచ్చు.

ప్రభువు మిమ్ములను, మీ కుటుంబములను ఆరోగ్యముతో దీవించును గాక.

— సమాజ ఆరోగ్య విభాగము