నల్లగొండలో గెలిచిన కేసు హైదరాబాద్‌లో ఎక్కడ ఆగుతుంది?

వాడపల్లి దగ్గర కృష్ణ మీది వంతెనకు ఇవతల అట్రాసిటీ కేసు అయితే నల్లగొండ ప్రత్యేక కోర్టుకు, అప్పీలు హైదరాబాద్‌లోని హైకోర్టుకు పోతుంది. వంతెన దాటి పొందుగల వైపు జరిగితే అప్పీలు అమరావతికి. 2019 జనవరి 1 దాకా రెండు ఒడ్లకూ హైకోర్టు ఒక్కటే. కోర్టులు రెండయినా బాధితుల ప్రశ్న మారలేదు: శిక్ష పడింది కదా, ఇక అయిపోయినట్టేనా?

కాలేదు. మిర్యాలగూడలో ప్రణయ్ హత్య 2018 సెప్టెంబర్ 14న జరిగితే తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు. ఉరిశిక్షను హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు చేయడానికి లేదు. కాబట్టి ఎవరూ అప్పీలు వేయకపోయినా ఆ ఫైలు పైకి పోవాల్సిందే. జీవిత ఖైదు పడినవాళ్లు మాత్రం తామే అప్పీలు వేసుకోవాలి.

అప్పీలంటే సాక్షులను మళ్లీ పిలుస్తారని చాలామంది అనుకుంటారు. మామూలుగా పిలవరు. కింది కోర్టులో రాసుకున్న సాక్ష్యాన్నే ముందు పెట్టుకుని ఇద్దరు జడ్జిల బెంచి వాదనలు వింటుంది. ఆనాడు బోనులో భయంతో తడబడిన ఒక్క మాట ఏళ్ల తర్వాత అక్కడ పెద్దదవుతుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి జీవిత ఖైదు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. కారంచేడులో ఇంకోలా జరిగింది. హైకోర్టు కొట్టేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లో శిక్షలు వేసింది. హత్యలు జరిగింది 1985లో!

ఇంత కాలం ఎందుకు పడుతుంది? ఏ బెంచి ఏ రకం కేసులు వినాలో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయిస్తారు. రోజూ కాజ్‌లిస్టులో బెయిళ్లు, అత్యవసర పిటిషన్లు ముందుకొస్తాయి. పాత అప్పీళ్లు అడుగుకు జారతాయి. అమెరికా ఫెడరల్ అప్పీల్ కోర్టుల్లో ముగ్గురు జడ్జిల ప్యానెళ్లు ఎక్కువ కేసులను నోటి వాదన లేకుండా, రాతపూర్వక వాదనలు చదివే తేలుస్తాయి. మన దగ్గర లాయరు నిలబడి వాదించాల్సిందే, దానికి జడ్జిలు కావాలి. తెలంగాణ హైకోర్టు జడ్జి పోస్టులను 2021లో 24 నుంచి 42కు పెంచారు. పెంచడం వేరు, నింపడం వేరు.

అట్రాసిటీ చట్టంలో 2016 నుంచి 14ఏ సెక్షన్ ఉంది. దాని ప్రకారం 90 రోజుల్లో అప్పీలు వేయాలి, అడ్మిట్ అయిన మూడు నెలల్లో తేల్చాలి. కానీ ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట ఒకటి పెట్టారు. గడువు మొత్తాన్నీ అదే మింగేస్తోంది. ఈలోగా దోషి శిక్ష నిలిపివేయించుకుని బయటికొస్తే బాధితులు అదే ఊళ్లో, అదే బజారులో అతనికి ఎదురుపడాలి.

ఇక్కడే 15ఏ సెక్షన్ పనికొస్తుంది. బెయిల్ విచారణకు ముందు బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. నోటీసు రాలేదంటే ఆ ఒక్క కారణం మీదే అభ్యంతరం చెప్పొచ్చు. కేసు సీఎన్ఆర్ నంబరు రాసిపెట్టుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు ఫోన్లోనే కనిపిస్తాయి.

నిందితులను వదిలేసినా, పెద్ద నేరాన్ని చిన్నదిగా తగ్గించినా బాధితులు సొంతంగా అప్పీలు వేయొచ్చు. సర్కారు వేస్తుందని ఎదురుచూస్తే 90 రోజులు ఇట్టే గడుస్తాయి, ఆపైన ఆలస్యానికి కారణం చూపాలి. డబ్బుల్లేవని ఆగనక్కర్లేదు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరును ఇస్తారు. తీర్పు కాపీ, కుల ధ్రువీకరణ పత్రం జతచేసి హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి అర్జీ పెట్టుకోవాలి.