గుప్పిట విప్పితేనే...

బీరువా లాకరులో ఎవరైనా నగలు దాచుకుంటారు. నేను మాత్రం మూడేళ్లపాటు ఒక చిన్న నోటుపుస్తకం దాచుకున్నాను. అందులో ఉన్నది ఒకటే లెక్క. మా మరిది మావారి దగ్గర తీసుకున్న 80,000 రూపాయలు.

మాది మంచిర్యాల. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. పుట్టిల్లు కరీంనగర్. గనిలో పనిచేసే మావారు ఉన్నట్టుండి గుండెపోటుతో పోయారు. పదిహేడేళ్లు కాపురం చేసిన క్వార్టరు ఖాళీ చేసి, ఇద్దరు పిల్లలతో అద్దె ఇంటికి మారాను. పెరట్లో నేను నాటిన జామచెట్టు ఆ ఏడే కాపుకొచ్చింది. చేతిలో పైసా లేక మరిదిని డబ్బు అడిగితే, "అన్న నాకు ఊకనే ఇచ్చిండు వదినా, అప్పు కాదు" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. రాకపోకలు ఆగిపోయాయి. మోకరించి కళ్లు మూసుకుంటే దేవుడు గుర్తుకు రాడు, ఆ లెక్కే గుర్తుకొస్తుంది!

నోరు పెగలని ప్రార్థన

కొత్త సంవత్సరం మొదట్లో మా గుడిలో నిబంధన ఆరాధన జరుగుతుంది. దీని వెనుక పెద్ద కథే ఉంది. 1755 ఆగస్టు 11న లండన్‌లో జాన్ వెస్లీ దాదాపు 1800 మందిని కూడగట్టి ఇలాంటి ఆరాధన జరిపించారు. ఆయన బాటలో నడిచిన వెస్లియన్ మిషనరీలే నిజాం కాలంలో మెదక్, కరీంనగర్ ప్రాంతాలకు వచ్చారు. 1947 సెప్టెంబర్ 27న మెథడిస్టులు, ఆంగ్లికన్లు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు ఈ ఆరాధన కూడా వాళ్లతోపాటే వచ్చింది. ఉన్నా లేకున్నా, నచ్చినా నచ్చకున్నా, నా బతుకు నీ చేతికే అప్పగిస్తున్నానని దేవుడికి మాటివ్వడమే దాని సారం.

ఆ ఏడు అందరూ ఆ ప్రార్థన చెబుతుంటే నా నోరు పెగల్లేదు. "అంతా నీదే" అని ఎలా అనను? లాకరులో నోటుపుస్తకం పెట్టుకుని!

స్త్రీల మైత్రిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. అంతా చెప్పుకుని ఏడ్చాను. "పిడికిలి బిగవట్టుకుంటే దేవుడు ఇచ్చేదాన్ని దేంట్ల తీసుకుంటవ్ బిడ్డా?" అంది. నాకు కోపమే వచ్చింది. మీకైనా రాదూ? పోయింది నా డబ్బు కదా!

"నీ హక్కు ఇడవమంటలేను బిడ్డా, నీ పగ ఇడువమంటున్న" అంది మళ్లీ.

అన్నీ వదిలేయాలా?

ఆ తేడా తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. మావారికి రావలసిన పీఎఫ్, పింఛను కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగాను. అది పిల్లల అన్నం, దాన్ని వదల్లేదు. మరిది దగ్గర డబ్బుకు సాక్ష్యం లేదు, కాగితం లేదు. రాని డబ్బు కోసం నిద్ర పోగొట్టుకుంటున్నానని అర్థమైంది.

ఒక్కమాట. భర్త కొట్టినా, అత్తింట్లో వేధించినా "దేవుడికి వదిలేయి" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అలాంటప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం కూడా విశ్వాసమే.

బైబిల్లో హన్నా కథ మీకు తెలుసు కదా. ఏళ్ల తరబడి ఏడ్చి కన్న కొడుకును షిలోహు గుడిలో దేవుడి సేవకు అప్పగించి వచ్చింది. అంతటితో మరిచిపోయిందా? ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. వదులుకోవడమంటే ప్రేమ తెంచుకోవడం కాదన్నమాట. తరువాత ఆమెకు మరో ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఆ వచనాలు ఎన్నిసార్లు చదివానో!

మోదుగ పూసిన వేళ

ఈస్టరుకు ముందు 40 రోజుల శ్రమల కాలం. ఆ రోజుల్లోనే ఒకసారి పుట్టింటికి బస్సులో వెళుతున్నాను. దారి పక్కన మోదుగ చెట్లు. ఒక్క ఆకు లేదు. కొమ్మలనిండా నిప్పుకణికల్లా పూలు! ఆకు రాల్చిన చెట్టు చచ్చిపోయిందని మనం అనుకుంటాం. దానికి మాత్రం అదే పూత కాలం.

తిరిగొచ్చాక నోటుపుస్తకం పొయ్యిలో వేశాను. మరిదికి ఫోన్ చేసి, "పిల్లలు బాబాయిని అడుగుతున్నరు, ఈస్టరుకు రండి" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. పండుగకు వచ్చాడు. డబ్బు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆ డబ్బు రాలేదు.

అయితే నిద్ర వచ్చింది. మూలపడ్డ కుట్టుమిషను దులిపి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. మా పాప ఫీజు ఇప్పుడు ఆ మిషను మీదే వెళుతోంది. మొన్న జనవరిలో నిబంధన ప్రార్థన చివరిదాకా చెప్పాను. గొంతు వణికింది కానీ ఆగలేదు.

మీ లాకరులోనూ ఇలాంటి నోటుపుస్తకం ఏదైనా ఉందా? ఒకసారి తీసి చూసుకోండి.